గెడ్డ చేపల కోసం కట్టిన ఫిల్టర్

2022 ఫిబ్రవరి నెలాఖరు. గజపతినగరం దాటి రాయగడ వైపు కొంత దూరం వెళ్ళి, ఎడమచేతి వైపు మట్టిరోడ్డు పట్టుకుంటే ఒక ఊరు వస్తుంది. ఊరి పేరు రాయను. రాస్తే తమ ఊరి గొప్ప పుస్తకాలకెక్కిందని మురిసిపోయేవాళ్ళు అక్కడ ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళకి ఆ సంతోషం ఇవ్వడం నాకిష్టం లేదు. ఆ ఊళ్ళో ఒక పెంకుటింటి పెరట్లో ఉన్న చిన్న కుంటకి నేను ఫిల్టర్ కట్టాను. చాలా ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. హోటళ్ళలో, స్కూళ్ళలో, డబ్బున్న వాళ్ళ తోటల్లో ఎన్నో కుంటలు కట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండేది మాత్రం ఆ పెరటి కుంటే.

నేను చదివింది సివిల్ డిప్లొమా. విజయనగరంలో మొదట్లో సంపులు, వాటర్ ట్యాంకులు కట్టించేవాణ్ణి. ఒక హోటలు వాళ్ళు ముంగిట్లో రంగు చేపల కుంట అడిగితే కట్టాను, అప్పట్నించి అదే నా వృత్తి అయి కూర్చుంది. కుంట తవ్వడం ఎవరైనా తవ్వుతారు. అందులో నీళ్ళు చెడకుండా, చేపలు చావకుండా చూడటంలోనే ఉంది పనంతా. జనం మాత్రం ఇది పూలకుండీలు సర్దే పనిలాంటిదని అనుకుంటారు.

ఫోన్ చేసినావిడ పేరు సువార్తమ్మ గారు. మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఊరంతా సిస్టరమ్మ అంటారు, నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. పెళ్ళి చేసుకోలేదు. మాట కరుకు, మనసు మెత్తన అంటారు చూడండి, ఆవిడది మాటా కరుకే, పట్టుదలా కరుకే. వెళ్ళిన మొదటి రోజే కాఫీ గ్లాసు చేతికిచ్చి, తాగడం అయ్యేదాకా కూడా ఆగకుండా పెరట్లోకి తీసుకెళ్ళారు.

కుంట ఒక గది అంత ఉంటుంది. నడుము లోతు. నీళ్ళు పచ్చగా బఠాణీ చారులా ఉన్నాయి. నేను ఏ కోయి చేపలో, గోల్డ్ ఫిష్షో ఉంటాయనుకుని వంగి చూశాను. తీరా చూస్తే పరిగెలు, జెల్లలు, ఇసుక దొందులు, ఒక మూలన గట్టు వార మట్టిలోంచి ముక్కు బయటపెట్టిన బొమ్మిడాయిలు. అన్నీ పులుసులో వేసుకునే చేపలే. ఇవి పెంచడానికి ఫిల్టరెందుకమ్మా అని అడిగాను. ఆవిడ నా వైపు, ఇంజక్షనుకి చెయ్యి వెనక్కి లాక్కున్న రోగిని చూసినట్టు చూశారు.

"పెంచడం కాదు బాబూ, దాచడం. మా గెడ్డలో మార్చి దాటితే మడుగులే మిగుల్తన్నాయి. ఏప్రిల్ కి అవీ ఎండిపోతన్నాయి. ఎండిపోకముందే ఈ సేపల్ని తెచ్చి ఇక్కడ ఎడతాను. వానలు పడి గెడ్డ పారితే మళ్ళీ తీసుకెళ్ళి ఒదిలీస్తాను. ఇయ్యి ముందే ఎండిపోయిన ఓ మడుగులోవి. నాలుగేళ్ళనించీ ఇదే నా పని."

గెడ్డ అంటే మా వైపు కొండల మీంచి దిగొచ్చే వాగు. ఆవిడ చిన్నప్పుడు ఎండాకాలంలో కూడా అందులో మోకాలి లోతు నీళ్ళుండేవట. తర్వాత పైన ఎవరో అడ్డుకట్ట వేశారు. మధ్యలో ట్రాక్టర్లు ఇసుక ఎత్తుకుపోయాయి. కింద, గెడ్డ వెళ్ళి నదిలో కలిసే దారిలో, కల్వర్టు కట్టి దాని కింద కాంక్రీటు మెట్టు పోశారు. నదిలోంచి ఎదురెక్కి వచ్చే చేప ఆ మెట్టు ఎగరలేదు. అంటే ఎండాకాలంలో ఆ గెడ్డలో చేపలు చస్తే మళ్ళీ పైనుంచీ రావు, కిందనుంచీ రావు. ఆ గెడ్డ విత్తనమంతా వేసవి నాలుగు నెలలూ సిస్టరమ్మ పెరట్లోనే ఉంటుంది. ఇది అర్థమయ్యాక నేను కాఫీ గ్లాసు కింద పెట్టి కుంట కొలతలు తీసుకున్నాను.

ఆవిడ కష్టమేమిటంటే, మార్చిలో చేపలు తెచ్చి వేసిన కొద్ది రోజులకే నీళ్ళు పాడైపోతున్నాయి. చిన్న కుంట, ఎక్కువ చేపలు, మండే ఎండ. తెల్లారేసరికి చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. రోజూ కొన్ని చచ్చి తేలుతున్నాయి. నీళ్ళు మారుద్దామంటే ఎండాకాలంలో బావిలో తాగడానికే సరిపడా ఉండవు. అందుకని ఉన్న నీళ్ళనే తిప్పి తిప్పి బాగుచేసే ఉపాయం కావాలి. ఆవిడ అడిగింది అది.

బజారులో దొరికే ఫిల్టర్లు ఆ పచ్చదనం ముందు వారం రోజులు కూడా నిలబడవు. నేను బాగ్ ఫిల్టర్ కడతానన్నాను, బాగ్ అంటే ఇంగ్లీషులో చిత్తడి నేల. ఇది యంత్రం కాదు. కుంట పక్కనే, దాని కంటే జానెడు ఎత్తులో, కంకర నింపిన ఒక తొట్టి. కుంట అడుగునుంచి చిన్న పంపు నీళ్ళు తోడి తొట్టి అడుగున పరిచిన పైపుల్లోకి పంపుతుంది. ఆ పైపులకి సన్నని చీలికలు కోసి ఉంటాయి, దాన్ని మేము అండర్ డ్రెయిన్ అంటాం. నీళ్ళు ఆ చీలికల్లోంచి బయటపడి, కంకర మధ్యనుంచి నెమ్మదిగా పైకి ఎక్కి, అంచు దాటి మళ్ళీ కుంటలో పడతాయి. కంకరలో మొక్కలు నాటుతాం. అంతే.

అయితే పని చేసేది కంకరా కాదు, పైపులూ కాదు. చేపల మలం, మిగిలిపోయిన తిండి నీళ్ళలో కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది చేపలకి విషం. కంకర రాళ్ళని అంటిపెట్టుకుని ఉండే బాక్టీరియా ఆ అమ్మోనియాని తిని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు మొక్కలకి ఎరువు, వేళ్ళు దాన్ని పీల్చేస్తాయి. రాయి పట్టుకుంటే చేతికి జారుగా తగిలే పలచని పొర ఉంటుంది చూశారా, దాన్నే బయోఫిల్మ్ అంటాం. అసలు ఫిల్టరు ఆ పొరే. మిగతాదంతా అది కాపురం చెయ్యడానికి కట్టిన ఇల్లు. ఇదంతా చెప్తే మామూలుగా క్లయింట్లు తలూపి, ఇంతకీ లైటింగు ఎక్కడ పెడతారని అడుగుతారు. సిస్టరమ్మ మాత్రం, ముప్పయ్యేళ్ళు క్రిముల్ని చంపే పని చేశాను, ఇప్పుడు వాటిని పెంచమంటున్నావన్నమాట అని నవ్వారు. ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు.

కంకర దగ్గర మొదటి పేచీ వచ్చింది. ఈ పనికి నున్నటి గులకరాళ్ళు శ్రేష్ఠం. గెడ్డలోనే బోలెడున్నాయి, నాలుగు బళ్ళు తోలిస్తే సరిపోతుందని నాతో వచ్చిన మేస్త్రీ అన్నాడు, నేనూ తలూపబోయాను. సిస్టరమ్మ ఒప్పుకోలేదు. "గెడ్డ కోసం సేసే పనికి గెడ్డనే తవ్వుతారేటి?" అన్నారు. క్వారీ నుంచి చిన్న సైజు రాతి చిప్స్ తెప్పించాం. దానికుండే దుమ్ము పోయేదాకా కడిగేసరికి మేస్త్రీ నడుం పడిపోయింది.

మొక్కల దగ్గర రెండో పేచీ. మట్టి వెయ్యకుండా మొక్క ఎలా బతుకుతుందని మేస్త్రీ పట్టు. మట్టి వేస్తే కంకర సందులు పూడిపోయి నీళ్ళు పైకి రావు, ఫిల్టరు గోతిలో పడ్డట్టే. మొక్కకి కావలసిన తిండి నీళ్ళలోనే ఉందయ్యా, వేళ్ళు కడిగి వట్టి రాళ్ళలో పాతెయ్యి అన్నాను. నేను చెప్పిన మొక్కలేవీ నర్సరీలో కొనలేదు. సిస్టరమ్మ ఊరంతా తిరిగి మెట్ట తామర, చేమ, వస, తుంగ దుంపలు తవ్వుకొచ్చారు. బట్టలుతికే రాయి దగ్గర కూర్చుని ఒక్కొక్క దుంపనీ పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు కడిగారు. కరెంటు పోతే పంపు ఆగి, గాలి అందక కంకరలో బాక్టీరియా చచ్చిపోతుంది. అందుకని ఇంట్లో ఫ్యానుకున్న ఇన్వర్టరుకి పంపు కలిపాం. ఎండాకాలం రాత్రులు ఫ్యాను లేకుండా పడుకున్నారు ఆవిడ. నాకు చెప్పలేదు, తర్వాత పక్కింటివాళ్ళు చెప్పారు.

ఇలాంటి ఫిల్టరు కట్టిన రోజే పనిచెయ్యదు. బయోఫిల్మ్ పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా ఒకసారికి నాలుగేసి చేపల్నే వదలాలి, అమ్మోనియా ఎంతుందో చుక్కల మందుతో పరీక్ష చేసుకుంటూ ఉండాలి. సిస్టరమ్మ రోజూ పొద్దున్నే రోగికి జ్వరం చూసినట్టు నీళ్ళు చూసి నాకు ఫోన్ చేసేవారు. మార్చి చివరికి పచ్చదనం విరిగింది. ఏప్రిల్లో అడుగున ఉన్న రాయి కనబడింది. ఆ ఏడు ఎండలకి ఊళ్ళో బావులే ఎండిపోయాయిగాని, ఆ కుంటలో చేపలు చావలేదు. పైగా పరిగెలు గుడ్లు పెట్టాయి. జూన్లో గెడ్డ పారిన రోజు నన్నూ రమ్మన్నారు. పెద్ద బేసిన్లతో మోసుకెళ్ళి, గెడ్డ నీళ్ళు కాసిని బేసిన్లో కలిపి, చేపలు అలవాటు పడేదాకా ఆగి, అప్పుడు వంచారు. పరిగెలు ఎదురు నీటిలోకి బాణాల్లా దూసుకుపోయాయి. నా పని చూసి నాకే కళ్ళు చెమర్చిన రోజు అదొక్కటి.

మరుసటి ఏడు, అంటే 2023లో, అసలు కథ. ఆ ఏడు మడుగులు ముందే ఎండాయి. గెడ్డలో మిగిలిన చేపలన్నిటినీ సిస్టరమ్మ మార్చిలోనే కుంటకి తెచ్చేశారు. ఫిల్టరు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మెట్ట తామర మనిషెత్తు పెరిగింది. ఊళ్ళో హైస్కూలు సైన్సు టీచరు పిల్లల్ని తీసుకొచ్చి చూపించి, ఫోనులో వీడియో తీసి పదిమందికీ పంపాడు. అది అటు తిరిగి ఇటు తిరిగి జిల్లా స్థాయి అధికారి ఒకాయన కంట్లో పడింది. మందులేవీ వెయ్యకుండా నీళ్ళు శుభ్రపడుతున్నాయట, ఆ వైపు వచ్చినప్పుడు చూస్తాను అన్నాడట. మంచి మాటే. జూన్ మొదటి వారంలో ఒక సోమవారం వస్తున్నాడని కబురు వచ్చింది. నన్ను కూడా ఉండమన్నారు.

కబురు అందింది సింహాచలం గారికి. ఊళ్ళో ఏ పదవీ లేకుండానే అన్ని పదవుల పనీ నెత్తినేసుకునే పెద్దమనిషి ఆయన. చెడ్డవాడు కాదు. అదే నా కోపం. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు, మంచి చేస్తున్నాననుకుని కొంప ముంచేవాణ్ణి ఏం చెయ్యగలం? పెద్ద అధికారి వస్తే మన వైపు ఆనవాయితీ ఒకటుంది. రోడ్డుకి రెండు వైపులా సున్నం గీత గియ్యడం, ఆ గీత పక్కన బ్లీచింగు చల్లడం. ఏడాదంతా మురుగు కాలవ పొంగినా పట్టని బ్లీచింగు ఆ ఒక్క రోజు గోనెసంచుల్లో దిగుతుంది. వచ్చిన పెద్దాయన ముక్కుకి ఆ ఘాటు తగిలితేనే శుభ్రంగా ఉన్నట్టు లెక్క.

ముందురోజు ఆదివారం. సిస్టరమ్మ పక్క ఊరి చర్చికి వెళ్ళి, అక్కడ మంచాన పడ్డ ఒకావిడని చూసి, మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరారు. ఈలోగా సింహాచలం గారు పంచాయతీ పనివాళ్ళని వెంటేసుకుని పెరట్లోకి వచ్చారు. కుంట చూశారు. పక్కన కంకర తొట్టిలో మనిషెత్తు గడ్డి కనబడింది. రాళ్ళకి పాచి కనబడింది. ఇంకేముంది. మొక్కలు మొదలంటా కోయించారు. మోటారు పెట్టి ఒత్తిడి నీళ్ళతో రాళ్ళు కడిగించారు. ఆ మీదట కంకరంతా బ్లీచింగు చల్లించారు. పంపు తిరుగుతూనే ఉంది కదా, ఆ బ్లీచింగంతా కడుక్కుని నీళ్ళు కుంటలోకి దిగాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఇక్కడ కొండ నాలుకకి జబ్బే లేదు.

సాయంత్రం సిస్టరమ్మ నాకు ఫోన్ చేశారు. బ్లీచింగు అనగానే లేచి బండి తాళాలు తీశాను. బతికినవాటిని ముందు బావి నీళ్ళ బకెట్లోకి మార్చండమ్మా, నేను మందు పట్టుకుని ఇప్పుడే బయల్దేరతాను అన్నాను. "తొందరెందుకులే బాబూ. రేపే రా" అన్నారు. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. ఆసుపత్రిలో బయట వరండాలో కూర్చున్నవాళ్ళకి కబురు చెప్పే గొంతు అది. క్లోరిన్ చేప మొప్పల్ని కాల్చేస్తుంది. మొప్పలు కాలిన చేప నీళ్ళలో ఉండగానే ఊపిరాడక చస్తుంది. ఆ కుంటలోవన్నీ అలాగే చచ్చాయి.

పొద్దున్నే వెళ్ళాను. మట్టిరోడ్డు మొదట్నించీ సిస్టరమ్మ గేటు దాకా తెల్లటి గీతలు. పెరట్లో కుంట చుట్టూ కూడా సున్నం గీసి ముగ్గు పెట్టారు. నేను కట్టిన ఫిల్టర్లో, కడిగిన తెల్లటి కంకర మీద, ఎక్కడో ఆఫీసు నుంచి తెచ్చిన క్రోటన్ కుండీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. చచ్చిన చేపల్ని గోనెలో వేసి మునగచెట్టు మొదట్లో పడేశారు. కుంటలో నీళ్ళు కొంత తోడి ట్యాంకరు నీళ్ళు పోసి, ఖాళీగా ఉంటే బాగుండదని చేపల రైతు దగ్గర కొన్న రాగండి, బొచ్చె పిల్లలు వదిలారు. అవి అప్పటికే నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతున్నాయి. కిట్ తీసి చుక్క వేశాను, క్లోరిన్ ఇంకా ఉంది. దాన్ని విరిచే మందు, హైపో అంటాం, నా దగ్గరుంటే కుంటలో కలిపాను. క్లోరిన్ విరుగుతుందిగాని కాలిన మొప్పలు దానికి బాగుపడవు.

సింహాచలం గారు తెల్ల చొక్కా వేసుకుని ఎదురొచ్చారు. నా మొహం చూసి ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

"ఏటి బాబూ, అలగున్నావు? నానేటి తప్పు సేసినాను? పెద్దాయన ఒస్తన్నాడు. గెడ్డి మనిసెత్తు పెరిగిపోయున్నాది, రాళ్ళకి పాసి పట్టీసింది. ఆయన సూస్తే సిస్టరమ్మ పరువే కదా పోయేది?"

"ఆ పాచే ఫిల్టరండీ" అన్నాను.

ఆయన పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి, ఇంజినీరు బాబుకి ఎండ దెబ్బ తగిలినట్టున్నాది, మజ్జిగ తెండర్రా అన్నారు. అందరూ నవ్వారు. నా జీవితంలో మనిషి మీద చెయ్యి చేసుకోవాలనిపించిన క్షణాలు చాలా తక్కువ, వాటిలో అదొకటి. అంత కోపంలోనూ ఎవరో మజ్జిగ గ్లాసు నా చేతిలో పెట్టారు. తాగాను కూడా.

అధికారి వచ్చాడు. వెంట కార్లు, ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనం. కుంట అంచున నిలబడి మెచ్చుకున్నాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున రాయి లెక్కపెట్టొచ్చు, మందుల్లేకుండా ఇంత తేట ఎలా వచ్చింది అని పక్కవాళ్ళని అడిగాడు. పక్కవాళ్ళు తలలూపారు. అంత తేట ఎందుకు వచ్చిందంటే, ఆ నీళ్ళలో ముందురోజు దాకా ప్రాణమున్నది ఒక్కటీ మిగల్లేదు కాబట్టి. తర్వాత పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్న రాగండి పిల్లల్ని చూపించి, మనిషి అలికిడి కాగానే పలకరించడానికి ఎలా వచ్చాయో చూడండి అన్నాడు. నేనిక పట్టలేకపోయాను.

"పలకరించడానికి కాదు సార్, ఊపిరాడక వచ్చాయి" అన్నాను.

సింహాచలం గారు నా భుజం మీద చెయ్యేసి నొక్కి, ఇంజినీరు బాబు సరదా మనిషి సార్ అన్నారు. మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లో సిస్టరమ్మ వెనక నుంచి వచ్చారు. మునగచెట్టు మొదట్లో పడేసిన గోనెలోంచి చేపలన్నీ ఏరి, కడిగి, స్టీలు బేసిన్లో పేర్చి తెచ్చారు. పరిగెలు ఒక పక్క, జెల్లలు ఒక పక్క, బొమ్మిడాయిలు మధ్యలో. నేరుగా వచ్చి అధికారి కాళ్ళ ముందు పెట్టారు.

"మీరు సూడ్డానికొచ్చిన సేపలు ఇవి సార్. ఆ నీళ్ళలో ఉన్నవి మీ కోసం కొన్నవి. నిన్న బ్లీచింగు సల్లి ఈటిని సంపీసారు."

ఫోన్లు ఒక్కొక్కటే కిందకి దిగాయి. అధికారి వంగి బేసిన్లోకి చూశాడు. ఎవరు చేశారిది అని అడిగాడు. అప్పుడు చూడాలి ఆ పెరడు. సింహాచలం గారు పంచాయతీ మనుషుల వైపు చూశారు, వాళ్ళు వాళ్ళ పైవాళ్ళ వైపు చూశారు, చివరికి అన్ని చూపులూ వెళ్ళి గోడ వార చీపురు పట్టుకుని నిలబడ్డ పైడితల్లి దగ్గర ఆగాయి. పైడితల్లి పారిశుధ్యం పని చేసే మనిషి. బాధ్యుల మీద చర్య తీసుకోండి అన్నాడు అధికారి.

"పైడితల్లి సెప్పిన పని సేసింది సార్" అన్నారు సిస్టరమ్మ. "సెప్పిన నోరేదో అడగండి."

అడగలేదు. ఆయనకి ఇంకో ఊళ్ళో ప్రారంభోత్సవం ఉందట. వెళ్తూ వెళ్తూ, చాలా పొరపాటు జరిగింది, మంచి జాతి చేప పిల్లల్ని పంపించే ఏర్పాటు చేయిస్తానమ్మా అని చెప్పి కారెక్కాడు. పైడితల్లి ఉద్యోగం పోలేదు. సిస్టరమ్మ ఆ మాట అందరి ముందూ అనబట్టి పోలేదు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. అద్దంలాంటి నీళ్ళు, క్రోటన్ కుండీలు, చిరునవ్వుతో అధికారి, పక్కన సింహాచలం గారు. బేసిన్ లేదు. రసాయనాలు లేని ఆదర్శ కుంట అని కింద రాశారు. నేను ఆ పేపరు చింపి పొయ్యిలో పెట్టాను, దానికి మా ఆవిడ నన్ను చీవాట్లు పెట్టింది, ఆ రోజు సరుకుల ప్రకటన అందులోనే ఉందట.

ఫిల్టరు మళ్ళీ నిలబెట్టాను. నీళ్ళు తోడించి, కంకర కడిగి, మరో ఊళ్ళో నేను కట్టిన కుంట నుంచి జిగురు పట్టిన రాళ్ళు నాలుగు బకెట్లు తెచ్చి కలిపాను, పాలు తోడెయ్యడానికి కాస్త పెరుగు వేసినట్టు. కంకర కింద దుంపలు బతికే ఉన్నాయి, చేమ ముందు చిగురించింది, తర్వాత మెట్ట తామర. బాక్టీరియా దారి అది వెతుక్కుంది. కుంటలో చేపలు మాత్రం లేవు. వేరే ఊరి చెరువులోంచి పరిగెలు తెప్పించనా అని అడిగాను. వద్దన్నారు. ఒకసారి గెడ్డ మడుగులన్నీ తిరిగొద్దాం పదమన్నారు. తిరిగాం. మడుగులు ఎప్పుడో ఎండిపోయాయి, అడుగున బీటలు పడి ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్క మడుగు దగ్గరా ఆగి వంగి చూశారు. నేను చూడలేక ముందుకి నడిచాను.

జూన్ చివర్లో కొండల మీద గట్టి వాన పడింది, గెడ్డ దిగింది. ఆ రోజు పంపు చూడటానికి నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. సిస్టరమ్మతో పాటు గట్టు మీదికి వెళ్ళాను. ఎర్రటి నీళ్ళు పరవళ్ళు తొక్కుతూ వస్తున్నాయి. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంతలో వెనక ఆటో ఆగింది. సింహాచలం గారు దిగారు. ఆటో నిండా డ్రమ్ముల్లో చేప పిల్లలు, అధికారి మాటిచ్చినవి. ఫొటో తియ్యడానికి ఒక మనిషి కూడా ఉన్నాడు. గెడ్డలో మీ చేత్తోనే వదలండి సిస్టరమ్మా అని మగ్గు చేతికివ్వబోయారు. ఆవిడ తీసుకోలేదు. ఇవి గెడ్డ చేపలు కావు, పెంపకం చేపలు, వదిలితే మిగిలిన నాలుగు పురుగుల్నీ ఇవే తినేస్తాయి, వద్దన్నారు.

"సేప సేపే కదా సిస్టరమ్మా" అన్నారాయన, నిజంగా నొచ్చుకుంటూ. "ఇయ్యి ఆటి కన్నా పెద్దవవుతాయి కూడాను."

సిస్టరమ్మ ఆయన వైపు తిరిగారు. గొంతు పెంచలేదు.

"సింహాచలం, నువ్వు పుట్టింది నా సేతుల్లోనే. ఆ దినం మీ అమ్మకి తెలివొచ్చి నా బిడ్డేడని అడిగింది. అప్పుడు నాను పక్క మంచం మీది పిల్లోడిని తెచ్చి ఒళ్ళో ఎట్టి, పిల్లోడు పిల్లోడే కదమ్మా, ఈడు నీ వోడి కన్నా బొద్దుగా ఉన్నాడు కూడాను అంటే, మీ అమ్మ ఊరుకునేదేటిరా?"

ఆయన మగ్గు డ్రమ్ములో పడేసి, ఆటో వెనక్కి తిప్పమన్నారు. ఫొటో తీసే మనిషి ఎటు వెళ్ళాలో తెలియక కాసేపు మా దగ్గరే నిలబడి, ఆటో వెంట పరిగెత్తాడు.

ఈ కేసు నాకు నేర్పిందేమిటో చెప్తాను. అంతకుముందు నేను కుంట యజమానికి మాత్రమే అన్నీ వివరించేవాణ్ణి. ఇప్పుడు అలా కాదు. పని అప్పజెప్పే రోజున ఆ ఇంట్లో చీపురు పట్టేవాళ్ళనీ, వాళ్ళకి పనులు పురమాయించేవాళ్ళనీ, ఆ వీధిలో పెద్దరికం చేసేవాళ్ళనీ అందరినీ పిలుస్తాను. తొట్టిలోంచి జిగురు పట్టిన రాయి తీసి ఒక్కొక్కరి చేతిలో పెడతాను. ఇది మురికి కాదు, ఇదే మీరు డబ్బు పెట్టి కొన్నది అని చెప్తాను. కొందరు మొహం చిట్లించి చెయ్యి చీరకో, పంచెకో తుడుచుకుంటారు. నీళ్ళు తేటగా కనబడితే చాలు, మిగతాది మాకెందుకు అనేవాళ్ళకి పని ఒప్పుకోవడం మానేశాను. మన వాళ్ళకి శుభ్రమంటే కంటికి, ముక్కుకి కనబడేదే. ఆ శుభ్రం కింద ఏం చచ్చిందో ఎవరూ అడగరు, అడిగిన మనిషికి మజ్జిగ ఇస్తారు.

సిస్టరమ్మ ఇప్పటికీ మార్చి వస్తే బేసిన్ పట్టుకుని మడుగులు తిరుగుతారు. పోయినేడు కప్ప పిల్లలు, పీతలే దొరికాయట, చేప ఒక్కటీ లేదు. ఫిల్టరు నెలన్నరలో కోలుకుంది. గెడ్డ ఇంకా కోలుకోలేదు.